మాట్లాడితేనే కరెంటు

వరద సూచనా పరికరాల సంస్థ డైరెక్టరు డాక్టర్ పేరిచర్ల త్రివిక్రమరాజు గారు విద్యుత్ పొదుపు మీద ఎక్కడో జరిగిన సదస్సుకు వెళ్ళారు. శాలువా కప్పుకోవాల్సినంత చల్లటి హాల్లో కూర్చుని పొదుపు గురించి బోలెడు విన్నారు. రాజమండ్రి తిరిగొచ్చి, రైలు దిగిన బట్టలతోనే ఆఫీసుకొచ్చి ఒక ఉత్తర్వు జారీ చేశారు.

"ఉనికి రుజువు కాని ఏ పరికరానికీ ఇకపై విద్యుత్తు సరఫరా చేయరాదు. ముందు ఉనికి, తదుపరి విద్యుత్తు."

విద్యుత్ పొదుపు విభాగం అధికారి జోగారావు గారు ఆ వాక్యాన్ని బంగారు రంగుతో రాయించి గుమ్మం మీద బిగించారు. దాన్ని చూపించడానికి పైన ఒక దీపం కూడా పెట్టించారు. ఆ దీపం తన ఉనికిని రుజువు చేసుకోలేకపోవడంతో వెలగలేదు.

ఉత్తర్వు కాపీ చేతికి అందేసరికి కామిశెట్టి సువర్చల క్యాంటీన్‌లో పెసరట్టు తింటోంది. చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత అల్లం పచ్చడి రుచి తెలియలేదామెకి.

సంస్థలో ఆవిడ ఉద్యోగం డ్రైవర్లు రాయడం. చేరిన కొత్తలో సిబ్బంది విభాగం వాళ్ళు లారీ లైసెన్సు చూపించమని తాఖీదు పంపారు. తను రాసేది బండి నడిపే డ్రైవర్లను గురించి కాదు; కంప్యూటర్‌లో లినక్స్ కెర్నెల్ అనే గుండెకాయ దగ్గర కూర్చుని పరికరాలతో మాట్లాడే ప్రోగ్రాములను డ్రైవర్లంటారని నచ్చజెప్పేసరికి ఆవిడ ప్రొబేషన్ పూర్తయింది.

సంస్థ తయారుచేసేది ఒక ఇనప్పెట్టె. ఏటి ఒడ్డున స్తంభానికి తగిలిస్తారు. నీటిమట్టం కొలుస్తుంది, పెరిగితే పంచాయతీ ఆఫీసు మీది మైకు ద్వారా ఊరికి కబురు చేస్తుంది. కబురు చేయడానికి పెట్టెలోని బోర్డు మీద ఒక స్లాటు ఉంటుంది. అందులో రేడియో కార్డు గుచ్చుతారు. కొన్ని ఊళ్ళలో రేడియో బదులు ఫోను కార్డు గుచ్చుతారు, కొన్ని చోట్ల ఖాళీగానే వదిలేస్తారు. స్లాటుకు కరెంటు ఒక రెగ్యులేటర్ గుండా వస్తుంది. దాన్ని తెరవాల్సింది, మూయాల్సింది సువర్చల రాసిన డ్రైవర్. అది చేసే పని చాలా సాదా: ముందు రెగ్యులేటర్ తెరుస్తుంది, కార్డు ఒళ్ళు విరుచుకునేదాకా క్షణం ఆగుతుంది, "ఎవరున్నారు లోపల?" అని అడుగుతుంది. జవాబొస్తే సరి. రాకపోతే రెగ్యులేటర్ మూసేసి బ్యాటరీ మిగులుస్తుంది.

ఈ డ్రైవర్ మీదే పరిశీలక సంఘం కూర్చుంది. డైరెక్టరు గారు అధ్యక్షులు, జోగారావు గారు కార్యదర్శి. మిగిలినవాళ్ళు తలలూపడానికి వచ్చారు.

జోగారావు గారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు. "ఏమ్మా సువర్చలా, స్లాటులో కార్డు ఉన్నదీ లేనిదీ నీకు ముందే తెలుసునా?"

"తెలీదండి. అడిగితే తెలుస్తుంది."

"మరి తెలియకుండానే రెగ్యులేటర్ తెరిచేస్తున్నావేం?"

"కరెంటిస్తేనే కార్డు మాట్లాడుతుందండి."

"మాట్లాడితేనే కరెంటు అని ఉత్తర్వు చెబుతోంది."

"కరెంటు లేకపోతే అది ఎలా మాట్లాడుతుందండీ?"

"అది కార్డుకు సంబంధించిన అంతర్గత విషయం," అన్నారు జోగారావు గారు. తలలన్నీ ఊగాయి.

డైరెక్టరు గారు దయగా నవ్వారు. "చూడమ్మా, నీ ఉద్దేశం మంచిదే. కానీ ప్రజాధనంతో వచ్చే విద్యుత్తును, ఉందో లేదో తెలియని వ్యక్తికి, అదే, కార్డుకు, ముందస్తుగా మంజూరు చేయడం పాలనాపరంగా ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుంది. ముందు కార్డును దాని ఉనికి తెలియజేయమను. ఆపై నా కలం సిద్ధంగా ఉంది."

"ఇంకోటండి," జోగారావు గారు మరో పేజీ తిప్పారు. "జవాబు రాకపోతే రెగ్యులేటర్ మూసేస్తానంటోంది. ఒకసారి మంజూరైన సరఫరాను సంజాయిషీ అడగకుండా రద్దు చేయడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం."

"ఖాళీ స్లాటుని సంజాయిషీ ఎవరడుగుతారండీ?" అంది సువర్చల.

ఆ ప్రశ్నను సంఘం సభా మర్యాదకు భంగంగా నమోదు చేసింది. డ్రైవర్‌లో ఆ రెండు భాగాలూ కొట్టేశారు. పైగా "రెగ్యులేటర్" అన్న మాట ఉన్నందున ఫైలు నీటిపారుదల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడివాళ్ళు అది కాలవకు నీళ్ళు వదిలే రెగ్యులేటర్ అనుకుని, తలుపులకు రంగు ఈ ఏడాది వేయలేమని జవాబిచ్చారు.

కార్డుకు కరెంటివ్వని పెట్టెలు అలాగే ఊళ్ళకు సిద్ధమయ్యాయి. మొదటి పెట్టె గుబ్బలవారి లంకకు చేరింది. చుట్టూ గోదావరి, మధ్యలో కొబ్బరితోటలు, ఇళ్ళు, పశువులు. ఆ ఊరి సర్పంచ్ నల్లా భూలక్ష్మి పెట్టె తగిలించిన మర్నాడే ఫోన్ చేసింది.

"ఏవండీ మేడంగారూ, మీ పెట్టె మూగదండీ. నీళ్ళల్లో కాలెట్టి నుంచుంది గానీ, నోరిప్పట్లేదండి."

"పైనుంచి అనుమతి రావాలండి," అంది సువర్చల.

"మాట్టాడ్డానిక్కూడానా అండీ?"

"ముందు అది మాట్లాడితే, అప్పుడు మాట్లాడ్డానికి కరెంటిస్తారండి."

"మాకు వరదొచ్చాక వరదొస్తోందని చెప్తారన్నమాట," అని ఫోన్ పెట్టేసింది భూలక్ష్మి. ఆ మాట సువర్చలకు ఇంటికెళ్ళేదాకా చెవిలోంచి పోలేదు.

ఈలోగా ఉత్తర్వు ఆఫీసంతా పాకింది. గుమ్మం దగ్గర వేలిముద్ర వేసే హాజరు మిషన్ ఉంది. దాని ఉనికి రుజువు చేయమన్నారు. అది నోరు తెరవాలంటే కరెంటు కావాలి కనుక, తెరవలేదు. ఆపేశారు. మిషన్ ఆగిపోవడంతో సిబ్బందిలో ఎవరు వచ్చారో రుజువు లేకుండా పోయింది. రుజువు లేనివాళ్ళకు దీపాలెందుకని దీపాలు, ఫ్యాన్లెందుకని ఫ్యాన్లు, లిఫ్టెందుకని లిఫ్టు ఆగాయి. రోహిణి కార్తె ఎండలో ఆఫీసువాళ్ళు కిటికీల దగ్గరకు బల్లలు లాక్కుని, వీపులకు అంటుకున్న చొక్కాలతో, లేనివాళ్ళలాగే పనిచేయసాగారు. సువర్చల తన ల్యాప్‌టాప్ రాత్రి ఇంట్లో ఛార్జి చేసి తెచ్చుకునేది. సమావేశాలు వరండాలో జరిగేవి. వాటి నివేదికల్లో 'హాజరైనవారు' అన్నచోట 'ఎవరూ లేరు' అని, 'తీర్మానం' అన్నచోట 'ఏకగ్రీవం' అని రాసేవారు.

జోగారావు గారు నిష్ఠాపరులు. ఒకరోజు మధ్యాహ్నం డైరెక్టరు గారి గదిలో ఏసీ కూడా ఆగింది. సంతకాల కోసం సువర్చల అప్పుడు అక్కడే ఉంది.

"జోగారావు గారూ, నా ఏసీ ఎందుకాగిందండీ?"

"తమరు ఆఫీసుకు రాలేదండి."

"నీ ఎదురుగా కూర్చున్నాను కదయ్యా!"

"కనిపిస్తున్నారండి. అయితే కనిపించడం వేరు, రుజువు కావడం వేరు అని ఉత్తర్వు వివరణలో తమరే సెలవిచ్చారు."

డైరెక్టరు గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. "అయితే ఉత్తర్వు సవరిస్తాను. కాగితం పట్రండి."

"సవరణ మీద డైరెక్టరు గారి సంతకం ఉండాలండి. వారు ఆఫీసుకు రాగానే చేయిస్తాను."

ఇప్పుడైనా ఆయన బల్ల గుద్దుతారని, మిషన్‌కు కరెంటివ్వండని అరుస్తారని, ఆ వెంటే తన డ్రైవర్‌కూ దారి దొరుకుతుందని సువర్చల ఆశపడింది. డైరెక్టరు గారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, చెమటలో మెరుస్తూ, గర్వంగా నవ్వారు.

"చూశావటమ్మా? నేను కూడా మీరలేని ఉత్తర్వు రాశాను. ఈ దేశంలో ఎంతమంది రాయగలరు?"

ఆ వేసంగి అంతా ఆయన విసనకర్రతో విసురుకుంటూ గడిపారు. ఆ విసనకర్రకు కరెంటక్కర్లేదు కనుక ఎవరూ రుజువు అడగలేదు.

ఆషాఢం వచ్చింది. ఎగువన వానలు మొదలై గోదావరిలోకి ఎర్రనీరు దిగింది. భూలక్ష్మి ఫోన్లు చేయడం మానేసి, స్వయంగా పడవెక్కి, బస్సెక్కి ఆఫీసుకే వచ్చింది. చీర కుచ్చిళ్ళకు బురద. డైరెక్టరు గారిని కలవాలంది. ఆయన ఆఫీసుకు రాలేదని జోగారావు గారు చెప్పారు. లోపల గదిలో ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆవిడ పొద్దుటినుంచీ వరండా బల్ల మీద కూర్చుంది. మంచినీళ్ళు కావాలా అని కూడా ఎవరూ అడగలేదు. భోజనాల వేళ సువర్చల తన క్యారేజీ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"మీ ఊళ్ళో ఎత్తుగా ఉన్న చోటు ఎంత దూరమండీ?" అడిగింది.

"లంకలో ఎత్తెక్కడుందండీ? పడవెక్కి ఏటిగట్టుకి పోవాలంతే. ముందు తెలిస్తే గొడ్డూ గోదా తోలుకుపోతాం. తెలీకపోతే తాళ్ళిప్పేసి ఎటు పోతాయో పొమ్మని వదిలేస్తాం." భూలక్ష్మి కలిపిన ముద్ద గిన్నెలోనే పెట్టేసింది. "మా చూడిగేది అలాగే పోయిందండి. దాని అరుపు ఇంకా వినిపిస్తది నాకు."

సువర్చలకు తన మీద తనకే అసహ్యం వేసింది. తన దగ్గర జవాబుంది. కొట్టేసిన ఆ రెండు భాగాలూ ల్యాప్‌టాప్‌లో అలాగే ఉన్నాయి. అడ్డమల్లా భయం. ఉద్యోగం పోతే? సంజాయిషీ అడిగితే? భయపడుతూ భయపడుతూ ఉండగా హఠాత్తుగా ఒక సంగతి తట్టి నవ్వొచ్చింది. సంజాయిషీ ఎవరినడుగుతారు? తను అసలు ఆఫీసులోనే లేదు కదా!

"పదండి భూలక్ష్మిగారూ, మీ ఊరు చూపిద్దురుగాని," అంది.

పట్టపగలే బయల్దేరారు. గేటు దగ్గర జోగారావు గారు ఎదురై, "ఎక్కడికమ్మా?" అన్నారు.

"ఎక్కడికీ లేదండి. నేను రాలేదు కదా."

ఆయన కాస్త ఆలోచించి, నిబంధన ప్రకారం అది సరైన జవాబేనని తల పంకించి, దారిచ్చారు.

లంక ఎగువ కొసన, ఏటి అంచున, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సువర్చల పెట్టె తలుపు తీసింది. భూలక్ష్మి గొడుగు పట్టింది, ల్యాప్‌టాప్ తడవకుండా. ఆ రెండు భాగాలూ ఉన్న డ్రైవర్ ఎక్కించి, పెట్టెను ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. రెగ్యులేటర్ తెరుచుకుంది. డ్రైవర్ క్షణం ఆగింది. 'ఎవరున్నారు?' అని అడిగింది. స్లాటులోని కార్డు మీద పచ్చదీపం మిణుక్కుమంది. అదే క్షణంలో పంచాయతీ ఆఫీసు మీది మైకు గరగరమని నీటిమట్టం చదివింది. తోటల్లోంచి పిల్లలు కేకలేశారు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మాట్టాడేసిందండీ!" అంది భూలక్ష్మి, గొడుగు వదిలేసి.

శ్రావణంలో గోదావరి పోటెత్తింది. ఒక ఉదయం పెట్టె హెచ్చరికగా అరవడం మొదలుపెట్టింది. లంకవాళ్ళు నీళ్ళకంటే ముందు కదిలారు. పిల్లలు, ముసలివాళ్ళు, వంటసామాను, పశువులు, కోళ్ళగంపలు, అన్నీ పడవల్లో గట్టెక్కాయి. మధ్యాహ్నానికి ఇళ్ళ అరుగుల మీదికి నీళ్ళొచ్చాయి. ఊళ్ళో ఒక్క ప్రాణి కూడా లేదు. గట్టు మీద పొయ్యిలు వెలిగాయి. సువర్చలకు భూలక్ష్మి ఫోన్ చేసి, గేదె మెడలో గంట చప్పుడు వినిపించింది.

పేపర్లలో సంస్థ పేరు పెద్దక్షరాల్లో వచ్చింది. సంస్థ బెంబేలెత్తింది. మాట్లాడకూడని కార్డు ఎలా మాట్లాడింది? వరండాలో విచారణ సంఘం కూర్చుంది.

సువర్చల లేచి నిలబడింది. అబద్ధం ఆడాలనిపించలేదు. "రెగ్యులేటర్ నేనే తెరిచానండి. కార్డుకు కరెంటిచ్చాను. అందుకే మాట్లాడింది."

జోగారావు గారు కలం పక్కనపెట్టారు. "నువ్వు వేసవినుంచీ ఆఫీసుకు రాలేదమ్మా. రానివాళ్ళ వాంగ్మూలం రాయడానికి వీల్లేదు."

"మరి డ్రైవర్ ఎవరు మార్చారండీ?"

"సంస్థలో ఎవరూ లేరు. కాబట్టి ఎవరూ మార్చలేదు."

"కరెంటు?"

"మనం మంజూరు చేయలేదు. కాబట్టి వెళ్ళలేదు."

"కానీ కార్డు మాట్లాడింది కదండీ!"

అంతవరకు విసురుకుంటున్న డైరెక్టరు గారి చెయ్యి ఆగిపోయింది. ఆయన కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "జోగారావు గారూ! కరెంటు వెళ్ళలేదు. కార్డు మాట్లాడింది. అంటే... అంటే మనం కరెంటక్కర్లేని కార్డు కనిపెట్టామండీ!"

వరండా దద్దరిల్లింది. లేనివాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండానే డైరెక్టరు గారికి సన్మానం జరిగింది. 'విద్యుత్ రహిత విజ్ఞాన విశారద' అని బిరుదిచ్చారు. పొరుగు జిల్లాల అధికారులు ఏటి పొడవునా అన్ని లంకలకూ అవే పెట్టెలు కావాలని కోరారు. డైరెక్టరు గారు సువర్చలను పిలిపించారు.

"నీకు పని తేలికైందమ్మా. కొత్త పెట్టెలకు డ్రైవర్ రాయి. కరెంటు సంగతే ఉండకూడదు. జోగారావు గారు ప్రతి మాటా తనిఖీ చేస్తారు."

సువర్చల తన బల్ల దగ్గరకొచ్చి ఆలోచించింది. కరెంటు లేని పెట్టెలు లంకలన్నిటికీ వెళ్తే, వాటిని నమ్ముకుని జనం నిశ్చింతగా పడుకుంటారు. అసలు పెట్టె లేకపోవడం కంటే అది ప్రమాదం. ఒక్కో పెట్టె దగ్గరికీ పడవెక్కి వెళ్ళడం తన వల్ల కాదు. నిజం చెప్పి చూసింది, ఎవరూ రాసుకోలేదు. ఇక మిగిలింది మాటలు మార్చడమే.

డ్రైవర్ మొదటినుంచీ రాసింది. అందులో కరెంటు లేదు, సరఫరా లేదు, రెగ్యులేటర్ అన్న మాటే లేదు. మొదటి భాగం పేరు 'పలకరింపు'. జవాబు రాకపోతే చేయాల్సిన పని పేరు 'వీడ్కోలు'. ఆ రెండూ నిజంగా ఏం చేస్తాయో ఇంకో ఫైల్లో ఉంది. ఆ ఫైలుకు 'మర్యాదలు' అని పేరుపెట్టింది.

జోగారావు గారు వేలితో గీస్తూ చదివారు. "ముందు పలకరిస్తుందా?"

"అవునండి. స్లాటుని పలకరిస్తాం. కార్డుంటే పలుకుతుంది. పలక్కపోతే మర్యాదగా వీడ్కోలు చెప్పేస్తాం."

"పలకరింపుకు ఉనికి రుజువు అవసరమా అండీ?" అని ఆయన డైరెక్టరు గారి వైపు తిరిగారు.

"ఉత్తర్వులో విద్యుత్తుకే నిషేధం. పలకరింపుకు ఖర్చేముంది?" అన్నారు డైరెక్టరు గారు.

"ఈ 'మర్యాదలు' ఫైలు తెరవమంటారా?"

"ఛ ఛ. ఒకరి మర్యాదలు తనిఖీ చేయడం మర్యాద కాదండీ."

డ్రైవర్ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. హాజరైనవారు: ఎవరూ లేరు.

కొత్త పెట్టెల ప్రారంభోత్సవం గుబ్బలవారి లంకలోనే పెట్టారు. వరద తీసి ఊరు ఆరుతోంది. అధికారులు పంట్లాములు మడుచుకుని పడవ దిగారు. ఒడ్డున షామియానా కింద కొత్త పెట్టె, దాని మెడలో బంతిపూల దండ. డైరెక్టరు గారు పెట్టె మీట నొక్కి, పలకరింపు ఈ సాంకేతికతకు ప్రాణమని ఉపన్యసించి, తాను చెప్పింది తానే నమ్మి, పెట్టెకు రెండు చేతులూ జోడించారు.

"నమస్కారమండీ! బావున్నారా?"

సరిగ్గా అప్పుడే పెట్టె మేలుకోవడం పూర్తయింది. రెగ్యులేటర్ తెరుచుకుని కార్డు జవాబు చెప్పింది. పచ్చదీపం వెలిగింది. మైకు నీటిమట్టం చదివింది. అధికారులు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వరసగా వచ్చి పెట్టెకు వంగి వంగి నమస్కారాలు పెట్టారు. జోగారావు గారు ప్రతి పెట్టెనూ రోజూ పలకరించేందుకు జిల్లాకొక పలకరింపు అధికారి ఉండాలని అక్కడికక్కడే ప్రతిపాదన రాసుకున్నారు.

షామియానా చివర, గుంజకు ఆనుకుని, సువర్చల పక్కన భూలక్ష్మి నిలబడి ఇదంతా చూస్తోంది. ఆవిడ ఊరి సర్పంచ్ అన్న సంగతి వచ్చినవాళ్ళలో ఎవరికీ తెలియదు, కుర్చీ వేయలేదు.

"ఆళ్ళంతా దానికి దణ్ణాలెందుకెడుతున్నారండీ?"

"అలా పెడితేనే మాట్లాడుతుందనుకుంటున్నారండి."

"పెట్టకపోతే?"

"పెట్టకపోయినా మాట్లాడుతుందండి. ఆ ఏర్పాటు లోపలుంది."

భూలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని, పూలదండ వేసుకున్న పెట్టెనీ, దాని ముందు బారు తీరిన పెద్దమనుషుల్నీ తేరిపార చూసింది.

"పోన్లెండి. ఇన్నేళ్ళల్లో ఈ లంకలో మనుషుల్నెవర్నీ పలకరించలేదు, పెట్టెనైనా పలకరించారు," అని, తోటలో కట్టేసిన గేదెలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది.